రోమకూపములోని కత్తెరలు



తిరుమల కల్యాణకట్టయందు తలనీలాలు సమర్పించి, నున్నని శిరస్సుపై చందనము పూసికొని కొండ దిగి వచ్చు యాత్రికునకు, తన వెంట్రుకలు తిరిగి మొలచునా యను సంశయము లేశమైనను గలుగదు. మూడు నాళ్లలో నెత్తి గరుకెక్కును. నెల తిరుగునప్పటికి రమారమి ఒక సెంటీమీటరు పొడవున నల్లని మొలక కానవచ్చును. ఏడాది గడచునప్పటికి దువ్వెనకు మరల పని గలుగును. క్షురకుని కత్తి చర్మముపై నున్నదానిని మాత్రమే కోయగలదు గాని, చర్మమునకు అడుగున దాగి రేయింబవళ్లు వెంట్రుకను నేయుచుండెడి ఆ చిన్న బావిని, రోమకూపమని పెద్దలు ఎంతయో సార్థకముగా పేరిడినదానిని, అది తాకనైనను తాకదు. ఆ బావిని త్రవ్విన దెవరు, ఎన్నడు త్రవ్విరి, ఏ పనిముట్టుతో త్రవ్విరి అని విచారించినచో, మనకు మరల కత్తులే యెదురగును. కంటికి కానరాని ఆ కత్తులు మాంసకృత్తులను ఛేదించు ఎంజైములు. వెంట్రుకను గోయు కత్తినిగూర్చి మనకందరకును తెలియును. వెంట్రుకను బుట్టించు కత్తినిగూర్చి నేడు మీతో ముచ్చటింప నెంచితిని.

మాంసకృత్తులను ఛేదించు ఎంజైము లనగానే మనకు తోచునది జీర్ణాశయము. 1836లో జర్మనీ దేశపు థియోడోర్ ష్వాన్ జీర్ణరసమునందు కనుగొని పెప్సిన్ అని పేరుపెట్టిన ద్రవ్యము ఈ జాతి ఎంజైములలో మొదట తెలియవచ్చినవానిలో నొక్కటి యగుటచేతను, మాంసము త్వరగా మెత్తబడుటకై పచ్చిబొప్పాయి ముక్కను చేర్చు అలవాటు మన వంటయిండ్లలో నుండుటచేతను, ఇవి దొరికినదానినెల్ల పిండిచేసివైచు స్వభావము గలవని యొక భావము మనలో నాటుకొనిపోయినది. ఆహారవిషయమున ఆ భావము తప్పుగాదు. కాని శరీరమును నిర్మించుటయందు పాల్గొను ఎంజైముల తీరు వేరు. మాంసకృత్తు అనునది వందలకొలది అమైనో ఆమ్లములను గ్రుచ్చిన దండవంటిది. ఆ దండయంతయు విడిచి, ఏవో రెండు పూసల నడుమ, ఆ యొక్క తావుననే, ఒకే యొక కోత కోసి ఊరకుండు ఎంజైములు గలవు. ఆ కోతతో దండ నశింపకపోగా, అంతవరకు దానిలో నిద్రించుచుండిన శక్తి మేలుకొనును. గాయమునుండి స్రవించు నెత్తురు గడ్డకట్టుట ఇట్టి కోతల పరంపర వలననే. రోమకూపముయొక్క పుట్టుకయు అట్టిదే.

మానవునకు రోమకూపముల సృష్టి తల్లి గర్భమునందే యారంభమై గర్భమునందే ముగియును. పిండమునకు తొమ్మిది పండ్రెండు వారముల వయసున కనుబొమలయందును, పై పెదవియందును, గడ్డముపైనను మొదటి కూపములు పొడసూపును. నాలుగవ నెలలో తక్కిన ఒడలెల్ల నవి యవతరించును. ఐదవ నెల దాటునప్పటికి సుమారు 50 లక్షల కూపములు సిద్ధమగును. వానిలో తలపై నుండునవి దాదాపు లక్ష. ఆ పిమ్మట సహజముగా క్రొత్త కూప మొక్కటియైనను పుట్టదు. బిడ్డ పెరిగినకొలదియు చర్మము సాగి కూపములు ఒకదాని కొకటి దూరమగునే గాని వాని లెక్క పెరుగదు. అనగా అరువదియేండ్ల వృద్ధుని తలపై నున్న ప్రతి వెంట్రుకకును పునాది, ఆయన ఇంకను తల్లి కడుపున నరచేయంత ప్రమాణమున నున్ననాడు పడినదన్నమాట. నేను ఈ విషయమును మొదట చదివిన దినమున చాలసేపు పుస్తకమును మూసి కూర్చుంటిని.

ఆ పునాది పడు విధానము మనోహరమైనది. పిండముయొక్క చర్మమున పైపొర, లోపొర అని రెండు పొరలున్నవి. ఉన్నట్లుండి పైపొర అక్కడక్కడ దళసరియై, చుక్కలముగ్గులోని చుక్కలవలె, నిర్ణీతమైన యెడముతో చిన్న చిన్న ఫలకము లేర్పడును. ప్రతి ఫలకమునకు నడుగున లోపొర కణములు గుమిగూడును. పైవి క్రిందివానికిని, క్రిందివి పైవానికిని రసాయనరూపమున కబురులంపుకొనుచుండగా, ఫలకము మొగ్గయై, మొగ్గ మేకై, లోపొరలోనికి దిగుచు, కట్టకడకు తన కొసతో ఆ లోపొర కణముల గుంపును గంటవలె గప్పుకొనును. ఆ గుంపే రోమాంకురము. వెంట్రుకకు బలమును, వేళను, లావును నిర్ణయించునది యదియే. ఈ సంభాషణ నడుమ తెగినచో కూపము లేదు. కూపము లేనిదే వెంట్రుక లేదు.

ఇట్లు సంభాషణ తెగిన మానవుల కథ యొకటి ఆనాటి మన దేశమునకు సంబంధించినది కలదు. చార్లెస్ డార్విన్, పెంపుడు జంతువులయందును మొక్కలయందును గలుగు భేదములనుగూర్చి రచించిన మహాగ్రంథముయొక్క రెండవ కూర్పునందు, 1875లో, సింధుదేశమునందలి యొక హిందూకుటుంబమును వర్ణించెను. వెడర్‌బర్న్ అనునాతడు ఆ వృత్తాంతమును ఆయనకు తెలిపియుండెను. ఆ కుటుంబమున నాలుగు తరములలో పదిమంది పురుషులకు రెండు దవడలయందును కలిపి ముందు నాలుగు చిన్న బలహీనములైన పండ్లును, వెనుక ఎనిమిది దంతములును మాత్రమే యుండెను, ఒడలిపై రోమములు మిక్కిలి యరుదు, పిన్నవయసుననే బట్టతల, వేసవి వచ్చినంతనే చర్మ మమితముగ నెండి వారు మిగుల బాధపడుచుండిరి. సింధుదేశపు టెండను దలచుకొనుడు. ఆ యెండలో చల్లబడుటకు తగిన చెమట పట్టని శరీరమును దలచుకొనుడు! ఆ కుటుంబమున ఆడపడుచుల కెవరికిని ఈ బాధ లేదు. ఐనను వారి కుమారులకు వారినుండియే యది సంక్రమించుచుండెను. తండ్రినుండి కుమారునకు వచ్చుట మాత్రము కానరాలేదు. వంశపారంపర్య సూత్రములు ఇంకను లోకమునకు తెలియని కాలమున డార్విన్ ఈ వింతను అంత శ్రద్ధగా లిఖించియుంచుట ఆయన చూపుయొక్క సూక్ష్మతకు నిదర్శనము. తరువాత 1921లో హైదరాబాదునందలి అట్టివారినిగూర్చి యొక శాస్త్రపత్రికలో వ్యాసము వెలువడినది. ఆ హైదరాబాదు మన భాగ్యనగరము గాదు, సింధునది చెంతనున్న మరియొక హైదరాబాదు.

రోమములు, పండ్లు, స్వేదగ్రంథులు: ఈ మూడును ఒక్క వ్యాధిలో నేల చెడవలయును? ఈ మూడును పిండముయొక్క పైపొర దళసరియై లోనికి దిగుటచేతనే పుట్టునవి. ఒకే కబురు మూటికిని గావలయును. ఆ కబురు మోయు మాంసకృత్తునకు ఎక్టోడిస్‌ప్లాసిన్ అని పేరు. ఎక్స్ క్రోమోజోముపై నున్న దాని జన్యువు 1996లో కనుగొనబడినది. సింధు కుటుంబమున ఆడువారు తామనుభవింపక కుమారుల కేల సంక్రమింపజేసిరో అప్పటికి పూర్తిగా విశదమైనది. స్త్రీకి ఎక్స్ క్రోమోజోములు రెండు, పురుషునకు ఒక్కటియే గదా! ఎడింబరోలో డగ్లస్ ఫాల్కనర్ 1952లో వర్ణించిన టాబీ యను చుంచెలుకల జాతికిని ఈ జన్యువే చెడినదని తేలినది. ఆ యెలుకలకు చెవులవెనుకను తోకమీదను వెంట్రుక లేదు. ఒడలిపై మొట్టమొదట పుట్టవలసిన పొడవైన రోమములు బొత్తిగా లేవు.

ఇక మన కత్తెర ఇచ్చట ప్రవేశించును. ఎక్టోడిస్‌ప్లాసిన్ కణమునందు తయారైనప్పుడు దాని కొస కణపు పొరలో నాటుకొనియుండును. గుంజకు కట్టిన లేగదూడ తల్లిని చూచుచు ఎంత గింజుకొన్నను కదలలేనట్లు, ఇదియు పొరుగుకణమునకు చేరవలసిన కబురును దాల్చియు కదలలేకయుండును. ఆ పలుపును తెగగోయునది ఫ్యూరిన్ అను ఎంజైము. అది కణములోపలనే, వెలికి పోవు మాంసకృత్తులు నడచు దారిలో కాచుకొనియుండి, అర్జినిన్ మొదలగు అమైనో ఆమ్లములు ఒక క్రమమున నమరియున్న తావును గుర్తించి, అచ్చట మాత్రమే కోయును. కోతపడిన ఎక్టోడిస్‌ప్లాసిన్, మూడు మూడు అణువులుగా జతగూడినదై, వెలువడి, పొరుగు కణములపై తనకై వేచియున్న గ్రాహకమును చేరును. అచ్చట ఫలకము నిలదొక్కుకొనును.

2001లో శాస్త్రజ్ఞులు ఈ వ్యాధి గల కుటుంబముల జన్యువులను పరిశీలింపగా, కొందరియందు మార్పు సరిగా ఆ కోతపడవలసిన తావుననే యున్నట్లు తెలియవచ్చినది. ఒక్క అర్జినిన్ ఉండవలసిన చోట వేరొక అమైనో ఆమ్లము వచ్చి కూర్చున్నది. ఫ్యూరిన్ వచ్చి చూచి, తాను కోయవలసిన గుర్తు గానక, దాటిపోయినది. కబురు మోయు భాగము చెక్కుచెదరలేదు. దానిని చేకొను గ్రాహకము చెక్కుచెదరలేదు. పలుపు తెగలేదు, అంతే. 391 అమైనో ఆమ్లముల దండలో ఒక్క పూస మారినందున, ఒక్క కోత తప్పినందున, ఒక మనుష్యునకు జుట్టును, పండ్లును, చెమటయు లేకపోయినవి! వెంట్రుకవాసి తప్పు అని మనము వాడుకగా నందుము. ఆ మాటకు ఇంతకు మించిన యర్థము నాకు వేరొక్కచోట కానరాలేదు.

ఫలకము నిలిచిన పిమ్మట అది లోతునకు దిగవలయును. రెండు పొరల నడుమ నున్న పలుచని ఆధారపటలమును సవరించుకొనుచు, కొల్లాజెన్ పోగులు అల్లిబిల్లిగా నల్లుకొన్న లోపొరలో తావు చేసికొనుచు దిగుటకు వేరొక జాతి ఎంజైములు తోడ్పడును. ఈ జాతిలో మొదటిదానిని 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లపియేర్ అనువారు కప్పపిల్ల తోకలో కనుగొనిరి. కప్పపిల్ల కప్పయగునప్పుడు తోక ఎటుపోవునని వారు వెదకగా, కొల్లాజెనును కోయు ఎంజైము చేజిక్కినది.

దిగుట కష్టమైనచో వెలువడుట మరింత కష్టము. వెంట్రుక తయారైనంతమాత్రమున చర్మముపైకి రాదు. దానికి దారి తెరువబడవలయును. 2002లో అమెరికాలోని పరిశోధకులు మాట్రిప్టేజ్ అను ఎంజైము లేకుండ పుట్టునట్లు చుంచెలుకలను సృష్టించి చూచిరి. ఆ పిల్లలు పుట్టినప్పుడు చర్మ మెర్రబారి, ముడుతలుపడి, మెరయుచుండెను. చర్మము ఒడలిలోని నీటిని నిలుపలేకపోయెను. 48 గంటలలోపల అన్నియు మరణించెను. వాని మూతిమీద మీసములు కానరాలేదు. చర్మమును కోసి సూక్ష్మదర్శినిలో చూడగా, మీసపు వెంట్రుకలు వెలుపలికి వచ్చు నాళమే యేర్పడలేదు; పెరిగిన వెంట్రుకలు దారి గానక లోపలనే యొదిగిపోయినవి; కూపములు పలుచోట్ల నడుమనే భంగపడినవి. తలుపు లేని గదిలో పుట్టినవాని యవస్థ యది. 2007లో, ఇదే ఎంజైమునందు ఒక్క అమైనో ఆమ్లము మారిన కుటుంబ మొకటి మానవులయందును తెలియవచ్చినది. వారు జీవించియున్నారు గాని చర్మము పొలుసులుగట్టి, జుట్టు పలుచబడియున్నది. మాట్రిప్టేజ్ స్వయముగా పనులన్నియు చేయదు. ప్రోస్టాసిన్ అను మరియొక ఎంజైమును కోసి మేలుకొలుపును. ఆ ప్రోస్టాసినునందు లోపము గల చుంచెలుకలకు వెంట్రుకలు ఉంగరములు తిరిగి యుండును. కత్తిని పదునుపెట్టునది వేరొక కత్తి యన్నమాట.

ఇంతవరకు కోత లేనందువలన గలుగు కీడును జెప్పితిని. కోత మితిమీరినను కీడే. చర్మముపై నెండిన కణములను ఒకదానినొకటి పట్టియుంచు బంధములను కల్లిక్రైన్లను ఎంజైములు మెల్లమెల్లగా కోసి, పాతకణములు రాలిపోవునట్లు చేయును. వానిని అదుపునందుంచుటకు శరీరము లెక్టి యను మాంసకృత్తును తయారుచేయును. దాని జన్యువు చెడినవారికి ఆ కత్తెరలకు పగ్గములు లేక చర్మము ఎల్లప్పుడు ఎర్రబారి పొరలూడుచుండును; వారి వెంట్రుకయందు నడుమ నడుమ, ఒక భాగపు కొస రెండవ భాగపు గుంటలో జొచ్చుకొని, వెదురు కణుపులవంటి కణుపులు పొడమి, అచ్చటనే విరిగిపోవును. ఇటలీలో కోమెల్ 1949లోను, అమెరికాలో నెదర్టన్ 1958లోను వర్ణించిన ఈ వ్యాధికి మూలమైన జన్యువు 2000 సంవత్సరమున తెలిసినది. పసిబిడ్డల కిది ప్రాణాంతకముగ గూడ పరిణమించును. కనుపాపలకు రెప్పలవలె, ప్రతి కత్తెరకును ఒక యొర నమర్చిన యీ శరీరపు టేర్పాటును నేనెంత తలచినను తనివి తీరదు.

గర్భమున త్రవ్విన బావి త్రవ్వినట్లే నిలిచియుండునని మాత్ర మనుకొనరాదు. తలమీది ప్రతి వెంట్రుకయు రెండు మొదలు ఆరేండ్లవరకు పెరిగి, పిమ్మట కూపముయొక్క క్రింది భాగము రెండు మూడు వారములలో క్షీణించి, దరిదాపు మూడు నెలలు విశ్రమించి, మరల క్రొత్తగా నారంభించును. దినమునకు 50 మొదలు 100 వెంట్రుకలు దువ్వెనలో మిగులుట ఈ కారణముననే. దానికి దిగులుపడ పనిలేదు. క్షీణదశయందు కూపపు కణములు కాస్పేజులను ఎంజైములచేత లోలోన కోయబడి, క్రమబద్ధముగ కనుమూయును. రోమాంకురము మాత్రము చావక, పైకి లాగబడి, రానున్న దశకై వేచియుండును. కూల్చునవియు ఎంజైములే, మరల కట్టుటకు తావిచ్చునవియు ఎంజైములే. కాథెప్సిన్ ఎల్ అను ఎంజైము లోపించిన చుంచెలుకలయందు ఈ పర్యాయము తారుమారై, ఒడలి బొచ్చు విడతలు విడతలుగా ఊడిపోవుచుండును.

ఇచ్చట నొక చిన్న ప్రక్కమాట. శాస్త్రజ్ఞులు ఈ ఎంజైములకు పేర్లిడుటకు చాల మునుపే మన దేశపు చర్మకారులు పచ్చితోళ్లపై బొచ్చు నూడదీయుటకు జిల్లేడుపాలను వాడుచుండిరి. జిల్లేడుపాలలో మాంసకృత్తులను ఛేదించు ఎంజైము కలదు. బొచ్చు తీయుటకు వాడు సున్నమును సల్ఫైడును వెంట్రుకను నాశనము చేసి, కాలువలను కలుషితము చేయును. ఎంజైములు వెంట్రుక కుదురు చుట్టునున్న బంధములను సడలించి, వెంట్రుకను వెంట్రుకగానే యూడివచ్చునట్లు చేయును. తెనాలి ప్రాంతపు యలవర్రు గ్రామమున 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు నాయకత్వము వహించిన మద్రాసు చర్మపరిశోధనాలయమున ఈ మార్గమునుగూర్చి పరిశోధనలు విశేషముగ జరిగినవి. తోళ్లశుద్ధి చేయువారి చేతులును, వారి యూళ్ల నీళ్లును బాగుపడవలెనని తలచువారందరును ఆ కృషిని గౌరవింపవలయును.

మరల సింధుదేశపు వ్యాధికి వత్తము. తెగని పలుపు సంగతి తెలిసినవారికి సహజముగ నొక యూహ పొడమినది: పలుపు లేని ఎక్టోడిస్‌ప్లాసినును, అనగా గ్రాహకమును చేరు భాగమును మాత్రము, బయట తయారుచేసి యిచ్చినచో? 2003లో గర్భిణులైన టాబీ యెలుకల కిచ్చి చూడగా, పుట్టిన పిల్లలకు వెంట్రుకయు, పండ్లును, చెమటయు గలిగినవి. మానవశిశువులకు పుట్టిన పిమ్మట మొదటి రెండు వారములలో నిచ్చి చూచిరి; ఫలము కానరాలేదు. కబురు నిజమైనదే, కాని వినవలసిన వేళ దాటిపోయినది.

జర్మనీలోని ఎర్లాంగెన్ నగరమున ఒక తల్లికి అంతకుమునుపు ఈ వ్యాధితో పుట్టిన కుమారు డొకడుండెను. ఆమె మరల గర్భవతియై, కడుపున కవలలున్నారనియు, ఆ ఇరువురకును అదే లోపమున్నదనియు పరీక్షలో తెలిసినప్పుడు, వైద్యులు 26వ వారమున నొకసారి, 31వ వారమున నొకసారి ఆ మాంసకృత్తును ఉమ్మనీటిలోనికి సూదిమూలమున నెక్కించిరి. గర్భమునందలి శిశువు ఉమ్మనీటిని మ్రింగుచుండును. మ్రింగిన ఆ మాంసకృత్తు ప్రేగులనుండి నెత్తురులోనికి చేరునట్లు దానికి తగిన తోక నొకటి ముందే యతికించియుండిరి. 2018లో ప్రకటింపబడిన ఆ వృత్తాంతము ప్రకారము, పుట్టిన కవలలకు చెమట సాధారణశిశువులకువలెనే పట్టినది. అన్నకు లేని చెమట, అదే తల్లి కడుపున, అదే జన్యులోపముతో, తమ్ములిద్దరకు గలిగినది. వేసవిలో వారిని ఎత్తుకొన్న తల్లిచేతికి ఆ తడి తగులును.